నోటి మాట గేటు దగ్గరే ఆగిపోతుంది: పనిచోటు ఫిర్యాదులపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పనిచోట ఎదురైన అన్యాయాలను గురించినవే. భీమవరం, తణుకు, పాలకొల్లు, మండపేట, అమలాపురం ప్రాంతాల నుంచి రాసిన ఈ పాఠకుల పేర్లను వారి కోరిక మేరకే ప్రచురించడం లేదు. దాదాపు అన్ని ఉత్తరాల్లోనూ "ఎన్నోసార్లు చెప్పాం, వినిపించుకోలేదు" అన్న మాట ఉంది. ఏ తేదీన చెప్పారు, రాసి ఇచ్చారా అన్నది మాత్రం ఏ ఉత్తరంలోనూ లేదు. కార్మిక శాఖలో పనిచేసిన కాలంలో, న్యాయం పూర్తిగా తమ వైపే ఉన్నా చేతిలో ఒక్క కాగితం లేక వెనుదిరిగిన వాళ్లను చాలామందిని చూశాను కనుక, ఈసారి జవాబులు కొంచెం వివరంగా రాస్తున్నాను.

ప్రశ్న: మేము భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో తలలు తీసే పని, గ్రేడింగు పని చేస్తున్నాం. ఒకే ఊరి ఆడవాళ్లం పన్నెండు మందిమి మేస్త్రి పెట్టిన వ్యానులో వెళ్లి వస్తాం. రోజుకు 400 రూపాయలని చెప్పి తీసుకెళ్లారు. ముప్ఫై కౌంటు (కిలోకు ముప్ఫై తూగే రొయ్య) ట్రేలో నలభై కౌంటు రొయ్య కలిసిందని, తూకం తగ్గిందని ప్రతి నెలా కోత వేస్తున్నారు. పోయిన నెల 26 రోజుల కూలిలో నాకు 1,150 రూపాయలు తగ్గించారు. స్లిప్పు ఇవ్వరు. కంపెనీని అడిగితే మేస్త్రిని అడగమంటారు, మేస్త్రిని అడిగితే కంపెనీయే కోసిందంటాడు. మాకు నియామక పత్రాలు కూడా లేవు. మేం ఏం చేయగలం?

జవాబు: అమ్మా, మీరు చేయగలిగింది చాలా ఉంది. ముందుగా ఆ కోత సంగతి చూద్దాం. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం యజమాని కూలిలోంచి తన ఇష్టం వచ్చినట్లు కోసుకోవడానికి వీల్లేదు. జరిమానా వేయాలంటే, ఏయే తప్పులకు జరిమానా ఉంటుందో ముందే ప్రభుత్వ ఆమోదం పొంది, ఆ జాబితాను పనిచోట అందరికీ కనిపించేలా అంటించి ఉండాలి. జరిమానా వేసే ముందు మీ సంజాయిషీ వినాలి. అన్నీ సక్రమంగా జరిగినా, ఒక వేతన కాలంలో వేసే మొత్తం జరిమానా ఆ కాలపు వేతనంలో నూటికి మూడు రూపాయలు మించకూడదు. మీ లెక్కలో 26 రోజులకు 10,400 రూపాయలు కాబట్టి ఆ పరిమితి 312 రూపాయలు. మీకు 1,150 కోశారు. వసూలైన జరిమానా సొమ్ము యజమాని జేబులోకి వెళ్లకూడదని, దాన్ని రిజిస్టరులో రాసి పనివాళ్ల మేలుకే వాడాలని కూడా చట్టం చెబుతోంది.

"అది జరిమానా కాదు, సరుకు నష్టం" అని వాళ్లు అనవచ్చు. ఆ వాదనకూ హద్దు ఉంది. ప్రత్యేకంగా మీ చేతికి అప్పగించిన సరుకు, మీ నిర్లక్ష్యం వల్లనే పాడయినప్పుడు, మీ సంజాయిషీ విన్న తరువాత, నిజంగా జరిగిన నష్టం మేరకు మాత్రమే కోయాలి. ఒకే బల్ల చుట్టూ పది మంది నిలబడి, ఐసు నీళ్లలో వేళ్లు తిమ్మిరెక్కుతుండగా ట్రేలు నింపే చోట, ఫలానా రొయ్య ఫలానా మనిషి చేతిలోంచే తప్పుడు ట్రేలో పడిందని ఎవరు తేల్చగలరు? తేల్చలేని నష్టాన్ని పన్నెండు మంది మీదా పంచడం న్యాయం కాదు.

ఇక మేస్త్రి, కంపెనీ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటున్న సంగతి. కాంట్రాక్టరు కూలి పూర్తిగా ఇవ్వనప్పుడు ఆ బాధ్యత అసలు యజమాని మీద పడుతుంది. కాబట్టి మీ అర్జీ కంపెనీ యాజమాన్యం పేరునే రాయండి, మేస్త్రి పేరు లోపల ప్రస్తావించండి. నియామక పత్రం లేదని బెంగపడకండి. ఆ పత్రం ఇవ్వడం యజమాని విధి, కూలి స్లిప్పు ఇవ్వడమూ అతని విధే. వాళ్లు చేయని పనికి మీరు నష్టపోనక్కరలేదు. పైగా కూలి తక్కువ ఇచ్చారని, అక్రమంగా కోశారని దావా వేసినప్పుడు, సక్రమంగా చెల్లించామని రుజువు చేయాల్సిన భారం యజమానిదే. అయినా మీరు అక్కడ పనిచేస్తున్నారని చూపడానికి ఆధారాలు దాచుకోండి: గేటు పాసు, ఈఎస్‌ఐ కార్డు, ఫోనుకు వచ్చిన డబ్బు జమ సందేశాలు, హాజరు పట్టీ ఫొటో, ఏదైనా సరే.

ఈ రోజే ఒక నోటు పుస్తకం కొనండి. పన్నెండు మందిలో రాత వచ్చిన వాళ్లు ఎవరైనా, వ్యాను దిగి ఇంటికి చేరగానే, ఆ రోజు తేదీ, ఎంతమంది వెళ్లారు, ఎన్ని గంటలకు మొదలుపెట్టి ఎన్ని గంటలకు వదిలారు, ఏ సరుకు చేశారు, ఎవరికి ఏ కారణం చెప్పి కోత వేశారు అన్నది రాయాలి. బట్వాడా రోజున ఎవరి చేతికి ఎంత వచ్చిందో రాసి, అందరూ సంతకాలు గాని వేలిముద్రలు గాని వేయాలి. నెలాఖరున కూర్చుని గుర్తు తెచ్చుకుని రాసిన లెక్కను అధికారి అనుమానంగా చూస్తాడు, ఏ రోజుకారోజు రాసిన పుస్తకాన్ని తేలిగ్గా పక్కన పెట్టలేడు. నేను విచారణ జరిపిన ఒక కేసులో కంపెనీ రిజిస్టరుకూ, అక్కడి కార్మికురాలి ఇంట్లో మేకుకు వేలాడే క్యాలెండరుకూ తేడా వచ్చింది. ఆమె పనికి వెళ్లిన రోజుల మీద కుంకుమతో బొట్లు పెట్టుకుంది. చివరికి నిలిచింది ఆ క్యాలెండరే.

ఆ తరువాత పన్నెండు మందీ కలిసి కంపెనీకి ఒక ఉత్తరం రాసి ఇవ్వండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే, మీ ప్రాంతపు కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లి వేతనాల కోడ్ కింద దావా దరఖాస్తు ఇవ్వండి. ఒకే సంస్థలో పనిచేసే ఎంతమంది తరఫునైనా ఒకే దరఖాస్తు సరిపోతుంది. మూడేళ్లలోపు కోతలన్నింటికీ అడగవచ్చు. ఆ అధికారి మీకు రావలసిన సొమ్ముతో పాటు దానికి పది రెట్ల వరకు పరిహారం కూడా ఇప్పించగలడు. ఎవరో ఒకరిని ముందు నిలబెట్టి మిగిలినవాళ్లు వెనక దాక్కోవద్దు. పన్నెండు సంతకాలూ ఒక గుండ్రని వరసలో వేస్తే మొదటి సంతకం ఎవరిదన్న ప్రశ్నే రాదు.

ప్రశ్న: తణుకు సమీపంలో ఒక మిల్లులో ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. కాగితాల్లో నన్ను సూపర్‌వైజరని రాశారు, జీతం 24,000. నిజానికి రోజంతా మెషీను మీదే ఉంటాను. రాత్రి షిఫ్టుల కేటాయింపులో పక్షపాతం జరుగుతోందని మేనేజరుకు ఫిర్యాదు చేశాను. మర్నాడే గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు లోపలికి రానివ్వలేదు. ఆఫీసులో కూర్చోబెట్టి ఒక తెల్ల కాగితం మీద సంతకం పెట్టమన్నారు, నేను పెట్టలేదు.

జవాబు: తెల్ల కాగితం మీద సంతకం పెట్టకుండా మీరు చాలా మంచి పని చేశారు. ఆ కాగితం ఇవాళ తెల్లగా ఉన్నా, రేపు రాజీనామా పత్రమవుతుంది.

ఇప్పుడు ఆలస్యం చేయకూడని పని ఒకటుంది. "నేను ఫలానా తేదీన ఇన్ని గంటలకు షిఫ్టుకు వచ్చాను, గేటు వద్ద నన్ను ఆపివేశారు, నేను పని చేయడానికి సిద్ధంగా ఉన్నాను, నన్ను పనిలోకి తీసుకోండి" అని యాజమాన్యానికి ఒక ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపండి. పూర్వం రిజిస్టర్డ్ పోస్టు అనేవాళ్లం, అది 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. రసీదు, ఉత్తరం చేరినట్లు చూపే కాగితం దాచండి. ఈ ఉత్తరం లేకపోతే రెండు నెలల తరువాత యాజమాన్యం "అతనే పనికి రావడం మానేశాడు" అంటుంది. ఈ మాట నేను విన్నన్నిసార్లు మరే మాటా వినలేదు.

సూపర్‌వైజరు అన్న పేరు దగ్గర జాగ్రత్త కావాలి. పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం పర్యవేక్షణ పనిలో ఉండి నెలకు 18,000 రూపాయలకు మించి జీతం తీసుకునేవాళ్లు కార్మికుల నిర్వచనంలోకి రారు. అయితే న్యాయస్థానాలు హోదా పేరును కాక, మనిషి ప్రధానంగా చేసే పనినే చూస్తూ వచ్చాయి. మీరు మెషీను నడిపిన లాగ్ షీట్లు, మీ పేరున ఇచ్చిన పని స్లిప్పులు ఉంటే వాటి నకళ్లు సంపాదించండి. ఎవరికైనా సెలవు మంజూరు చేసే అధికారం మీకు ఉండేదా, ఎవరి మీదనైనా చర్య తీసుకోమని మీరు ఎప్పుడైనా రాశారా? లేదన్నదే మీ జవాబైతే, ఆ సంగతే స్పష్టంగా రాయండి.

ఫిర్యాదు చేసినందుకు కక్షగట్టి పనిలోంచి తీసేయడం అన్యాయపు కార్మిక విధానాల జాబితాలో ఉంది. కార్మిక శాఖలో రాజీ అధికారికి దరఖాస్తు ఇవ్వండి. దరఖాస్తు ఇచ్చిన 45 రోజుల్లో రాజీ కుదరకపోతే మీరే నేరుగా పారిశ్రామిక వివాదాలు విచారించే ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. తొలగించిన నాటి నుంచి రెండేళ్లు దాటితే ఆ దారి మూసుకుపోతుంది. వకీలు ఫీజు భారమనుకుంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. 1987 నాటి చట్టం ఉచిత న్యాయ సహాయానికి అర్హులైన వారిలో మహిళలను, ఎస్సీ, ఎస్టీ వర్గాల వారిని, పారిశ్రామిక కార్మికులను చేర్చింది. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చూపుతారు.

ప్రశ్న: పాలకొల్లులో ఏడుగురం పనిచేసే బట్టల కొట్టు మాది. యజమానే అసభ్యంగా ప్రవర్తిస్తున్నాడు. మా నాన్నకు తెలిస్తే పని మాన్పించేస్తారు. యజమాని తరఫున ఇద్దరు పెద్దమనుషులు వచ్చి, కొంత డబ్బు ఇప్పిస్తాం, ఇంతటితో వదిలేయమంటున్నారు.

జవాబు: తల్లీ, తప్పు నీది కాదని ముందుగా చెబుతున్నాను. నువ్వు సిగ్గుపడవలసింది ఇందులో ఏదీ లేదు.

1997లో సుప్రీంకోర్టు, విశాఖ అనే మహిళా సంస్థ వేసిన కేసులో ఇచ్చిన తీర్పు ఆధారంగా, 2013లో పనిచోట మహిళలపై లైంగిక వేధింపుల నివారణకు ప్రత్యేక చట్టం వచ్చింది. పది మంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. పది మంది కంటే తక్కువ ఉన్న చోట, లేదా ఫిర్యాదు యజమాని మీదనే అయినప్పుడు, జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయాలి. నీ విషయంలో రెండు కారణాలూ ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగాక పశ్చిమ గోదావరి కలెక్టరేట్ భీమవరంలో ఉంది కాబట్టి నువ్వు ఏలూరు దాకా వెళ్లనక్కరలేదు. కలెక్టరేట్‌లో గాని, మహిళా శిశు సంక్షేమ శాఖ జిల్లా కార్యాలయంలో గాని స్థానిక కమిటీ గురించి అడుగు. షీ బాక్స్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్ ద్వారా ఇంటి నుంచే ఫిర్యాదు పంపవచ్చు. చివరి సంఘటన జరిగిన మూడు నెలల లోపు ఇవ్వాలి. తగిన కారణం చూపితే కమిటీ మరో మూడు నెలలు గడువు ఇవ్వగలదు. రాయడం కష్టమైతే రాసిపెట్టడం కూడా కమిటీ బాధ్యతే. విచారణ తొంభై రోజుల్లో పూర్తి కావాలి.

పెద్దమనుషుల సంగతికి వస్తాను. మన ఊళ్లలో గట్టు తగాదా దగ్గర నుంచి పంపకాల దాకా అరుగు మీద తేలిపోవడం అలవాటే, అందులో మంచీ ఉంది. ఈ విషయం మాత్రం ఆ అరుగు మీదిది కాదు. చట్టం ప్రకారం రాజీ ప్రయత్నం బాధితురాలు కోరితేనే జరగాలి, అప్పుడు కూడా డబ్బు ఆ రాజీకి ఆధారం కాకూడదు. వాళ్లు మళ్లీ వస్తే, ఏ తేదీన వచ్చారో, ఏమన్నారో రాసి పెట్టుకో, అది కూడా ఫిర్యాదులో చేర్చు. నీ పేరు, విచారణ వివరాలు బయటపెట్టకూడదని చట్టంలో ఉంది. రుజువు చేయలేకపోతే నిన్నే తప్పుపడతారన్న భయం పెట్టుకోకు, రుజువు కాకపోవడం వేరు, అబద్ధపు ఫిర్యాదు వేరు అని చట్టమే చెబుతోంది. పోలీసు స్టేషనులో ఫిర్యాదు చేసే హక్కు దీనికి అదనం. నాన్నగారికి చెప్పే ముందు అమ్మకో, నీ వెంట నిలబడే మేనత్తకో చెప్పి, వాళ్లను తోడు తీసుకుని వెళ్లు.

ప్రశ్న: మాది మండపేట వైపు రైస్ మిల్లు. బస్తాలు మోసే ముఠా వాళ్లతో కలిపి 34 మంది పనిచేస్తారు. ఫిర్యాదుల పెట్టె పెట్టించాను, అందులో ఒక్క కాగితం కూడా పడలేదు. అంటే సమస్యలు లేనట్టేనా?

జవాబు: లేనట్టు కాదండీ. యజమాని స్థానంలో ఉండి ఈ ప్రశ్న అడిగినందుకు మీకు నమస్కారం. ఇలాంటి ఉత్తరాలు నాకు అరుదుగా వస్తాయి.

ఒకప్పుడు సమ్మె జరుగుతున్న ఒక మిల్లుకు రాజీ కోసం వెళ్లాను. గోడకు ఫిర్యాదుల పెట్టె ఉంది, తాళం తుప్పు పట్టి తెరుచుకోలేదు. సుత్తితో కొట్టి తెరిస్తే లోపల తవుడు దుమ్ము కింద నాలుగు కాగితాలు కనిపించాయి. ఒకదాని మీద పద్నాలుగు నెలల కిందటి తేదీ ఉంది: మరుగుదొడ్డి దగ్గర లైటు లేదు, రాత్రి షిఫ్టు ఆడవాళ్లు ఇబ్బంది పడుతున్నారు అని. ఒక బల్బుతో తీరిపోయే విషయం పద్నాలుగు నెలల్లో ఎంత కోపమయిందో ఆ రోజు గేటు బయట చూశాను.

ఇరవై మంది, అంతకు మించి కార్మికులున్న సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ తప్పనిసరి. యాజమాన్యం వైపు ఎంతమందో కార్మికుల వైపు అంతమంది ఉండాలి, మొత్తం పది మందికి మించకూడదు. అధ్యక్ష స్థానం ఒక ఏడాది మీ వైపు, మరుసటి ఏడాది వాళ్ల వైపు ఉండాలి. ఆడవాళ్ల సంఖ్యకు తగిన నిష్పత్తిలో ఆడవాళ్లు కమిటీలో ఉండాలి. దరఖాస్తు ఇవ్వడానికి కార్మికుడికి కారణం ఏర్పడిన నాటి నుంచి ఏడాది గడువు ఉంది, దరఖాస్తు అందిన ముప్ఫై రోజుల్లో కమిటీ తేల్చాలి. తేల్చిన విషయం నచ్చకపోయినా, గడువులో తేలకపోయినా, అరవై రోజుల లోపు కార్మికుడు యూనియన్ ద్వారా రాజీ అధికారి దగ్గరకు వెళ్లవచ్చు.

చట్టం చెప్పింది ఇంతే. నా సలహా మరికొంత ఉంది. పెట్టె స్థానంలో ఒక రిజిస్టరు పెట్టండి, ఫిర్యాదు ఇచ్చిన మనిషికి వరుస సంఖ్య, తేదీ వేసిన చీటీ ఇవ్వండి. ముఠా మేస్త్రి మీద వచ్చిన ఫిర్యాదును ముఠా మేస్త్రి ముందే విచారించకండి. "ఇది నీకు ఎవరు రాసిపెట్టారు?" అన్న ప్రశ్న ఎన్నడూ అడగకండి, ఆ ఒక్క ప్రశ్నతో మిగిలిన ముప్ఫై ముగ్గురి నోళ్లూ మూతపడతాయి. కాదనాల్సి వస్తే కారణం రాసి కాదనండి. నెలకొకసారి బట్వాడా రోజున, ఏ ఫిర్యాదు ఏమయిందో అందరి ముందూ చదివి వినిపిస్తే, రెండు నెలల్లోనే మీ రిజిస్టరు నిండడం మొదలవుతుంది. అప్పుడు కంగారు పడకండి, మీ మీద నమ్మకం కుదిరిందని సంతోషించండి.

ప్రశ్న: అమలాపురం దగ్గర ఒక సంస్థలో పనిచేస్తున్నాను. జీతంలో పీఎఫ్ కోస్తున్నారు, పాస్‌బుక్‌లో ఏడు నెలలుగా జమ కనిపించడం లేదు.

జవాబు: ఒక నెల సొమ్ము మరుసటి నెల 15వ తేదీలోగా జమ కావాలి. జీతంలోంచి కోసిన వాటాను కట్టకుండా వాడుకోవడం నమ్మకద్రోహ నేరం కిందకు వస్తుంది. జీతపు స్లిప్పులు, పాస్‌బుక్ నకలు జతచేసి ఈపీఎఫ్‌ఓ (ఉద్యోగుల భవిష్య నిధి సంస్థ) ఫిర్యాదుల పోర్టల్‌లో నమోదు చేయండి, రిజిస్ట్రేషన్ నంబరు రాసి పెట్టుకోండి. ప్రతి నెలా 27వ తేదీన ఈపీఎఫ్‌ఓ జిల్లాల్లో నిధి ఆప్కే నికట్ (మీ చెంతకే నిధి) అనే శిబిరాలు జరుపుతోంది, అక్కడికి కాగితాలు తీసుకుని స్వయంగా వెళ్లడం ఇంకా మంచిది.

ప్రశ్న: ఫిర్యాదు ఇంగ్లీషులోనే రాయాలా? నాకు తెలుగు కూడా అంతంతమాత్రమే వచ్చు.

జవాబు: తెలుగులోనే రాయండి. భాష అందంగా ఉండనక్కరలేదు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏం జరిగింది, మీకు ఏం కావాలి అన్న అయిదు సంగతులూ ఉంటే చాలు. తిట్లు, ఊహలు, మూడో మనిషి చెప్పగా విన్న మాటలు వదిలేయండి. సంతకం రాకపోతే ఎడమ చేతి బొటనవేలి ముద్ర వేసి, పక్కన రాత వచ్చిన ఒకరితో సాక్షి సంతకం పెట్టించండి. ఉత్తరం ఈ తీరులో ఉండవచ్చు:

"మేనేజరు గారికి. నేను ప్యాకింగు సెక్షనులో మూడేళ్లుగా పని చేస్తున్నాను. ఈ నెల 7వ తేదీన నాకు ఇచ్చిన జీతంలో 600 రూపాయలు తగ్గాయి. కారణం చెప్పలేదు, స్లిప్పు ఇవ్వలేదు. 9వ తేదీ ఉదయం సూపర్‌వైజరు గారిని అడిగాను, తెలియదన్నారు. తగ్గించిన సొమ్ము ఇప్పించవలసిందిగానూ, కారణం ఉంటే రాతపూర్వకంగా తెలుపవలసిందిగానూ కోరుతున్నాను."

దీన్ని రెండు ప్రతులు తీయండి. ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండోదాని మీద "అందినది" అని రాయించి, తేదీతో సంతకం, ఉంటే ఆఫీసు ముద్ర వేయించుకోండి. వాళ్లు వేయం అంటే అక్కడ వాదించకుండా వచ్చేసి, అదే రోజు పోస్టాఫీసుకు వెళ్లి స్పీడ్ పోస్టులో పంపండి.